నిమ్మళం గారు నీళ్ళలో పడిన రోజు

ఇన్నేళ్ళుగా సరస్సు మీద మోటారు బోటు నడుపుతూ ఏనాడూ కాలు తడబడని మనిషి, సొంత లాండ్రీలో సబ్బు నీళ్ళ మీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. డాక్టరు మోచేతి దాకా పిండికట్టు వేసి, "బోటూ లేదు, బరువులూ లేవు. కట్టు విప్పేదాకా హాయిగా కూర్చుని తినండి" అన్నాడు.

కూర్చుని తినడానికి ఆయనకేమీ అభ్యంతరం లేదు. చిక్కంతా దుప్పట్లతోనే. సరస్సు అవతలి ఒడ్డున ఉన్న లాడ్జీల దుప్పట్లు, తువ్వాళ్ళు, దిండు గలీబులు అన్నీ ఈ లాండ్రీలోనే ఉతికి, ఇస్త్రీ చేసి, మూటలు కట్టి, బోటులో పంపాలి. రోడ్డు లేకపోలేదు. అది సరస్సు చుట్టూ తిరిగి తిరిగి వెళుతుంది. అద్దె వ్యాను తెల్లారి బయల్దేరితే మధ్యాహ్నానికి గానీ తిరిగి రాదు. ఈలోగా లాడ్జీల నుంచి ఫోన్ల మీద ఫోన్లు.

"బోటు నేను నడుపుతాను" అంది భార్య.

ఆయన పకపకా నవ్వాడు. "నువ్వా? ఆ బోటు నా మాట తప్ప ఇంకొకళ్ళ మాట వినదు."

"పోన్లేరా, నీ మాట వినేది ఒక్కటైనా ఉంది" అంది ఆయన తల్లి, ఇస్త్రీ బల్ల దగ్గర నుంచి తలెత్తకుండానే.

అలా ఆ ఇంటి కోడలు మోటారు బోటు లైసెన్సుకి చదవడం మొదలుపెట్టింది. లైసెన్సున్న మనిషి పక్కన కూర్చుంటే నేర్చుకునేవాళ్ళు నడపొచ్చు. ఒంటరిగా నడపాలంటే మాత్రం రాత పరీక్ష పాసవ్వాలి, ఆ తర్వాత నీళ్ళ మీద నడిపి చూపించాలి. రేవు ఆఫీసులో ఒక సన్నటి పుస్తకం ఇచ్చారు. కోడలికి చేతులు ఖాళీ ఉండవు కాబట్టి అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని ప్రశ్నలు చదివేది, కోడలు ఇస్త్రీ చేస్తూ జవాబులు చెప్పేది.

"అమ్మాయ్, రాత్రిపూట బోటుకి ఎడమపక్క ఏం దీపం?"

"ఎరుపు, అత్తయ్యా."

"కుడిపక్క?"

"పచ్చ."

"ముందు బోటుని దాటి పోవాలంటే ఎవరు తప్పుకోవాలి?"

"దాటేవాళ్ళే."

"అబ్బో! ఈ రూలు మన వీధిలో కూడా పెడితే ఎంత బావుండును."

నాలుగు రోజులు గడిచేసరికి కోడలి కంటే అత్తగారికే ఆ పుస్తకం పిచ్చి పట్టుకుంది. లాండ్రీలో మిషన్లకూ బల్లకూ మధ్య ఉన్నది ఒక మనిషి పట్టే సందు. తడిబట్టల బుట్ట చంకనెత్తుకుని వస్తున్న ఆవిడ హఠాత్తుగా ఆగిపోయేది. "నువ్వు నాకు కుడిపక్క నుంచి వస్తున్నావు. ఆగాల్సింది నేనే. ముందు నువ్వు పో." కోడలు నవ్వుకుంటూ పోయేది. ఒకరోజు కొడుకు ఎదురుగా వస్తుంటే ఆవిడ పద్ధతి ప్రకారం కుడికి తిరిగింది, ఆయన ఎడమకి తిరిగాడు. ఇద్దరూ ఢీకొని, ఉతికిన తువ్వాళ్ళన్నీ నేల మీద పడ్డాయి.

"ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికే తిరగాలిరా! నీకు లైసెన్సు ఎవడిచ్చాడు?"

"మా రోజుల్లో ఇవన్నీ అడిగేవాళ్ళు కాదమ్మా."

"అదే అనుకున్నా."

రాత పరీక్ష రేవు ఆఫీసు మేడ మీద జరిగింది. కోడలు సునాయాసంగా పాసయింది. ఇంటికి రాగానే అత్తగారు ప్రతి ప్రశ్నా అడిగి తెలుసుకుని, తను కూడా అన్నిటికీ సరిగ్గా చెప్పగలిగానని రూఢి చేసుకున్నాకే భోజనానికి లేచింది.

ఇక మిగిలింది నీళ్ళ మీది పరీక్ష. పరీక్షాధికారి సన్నగా పొడుగ్గా, ఇస్త్రీ మడత నలగని చొక్కా వేసుకుని ఉంటాడు. ప్రతి మాటకీ ముందో వెనకో "నిమ్మళంగా" అనడం ఆయనకి అలవాటు. "నిమ్మళంగా తాడు విప్పండి. నిమ్మళంగా వెనక్కి తీయండి." అందుకే రేవులో అందరూ ఆయన్ని నిమ్మళం గారు అంటారు, ఎదురుగా తప్ప.

ఆ ఉదయం ఎండ చక్కగా కాస్తోంది, గాలి మాత్రం కొంచెం గట్టిగానే ఉంది. కోడలూ, నిమ్మళం గారూ లైఫ్ జాకెట్లు బిగించుకున్నారు. ఇంజను తాళానికి ఒక ఎర్ర తాడు ఉంటుంది. నడిపే మనిషి పడిపోతే ఆ తాడు ఊడి ఇంజను దానంతటదే ఆగిపోతుంది. దాన్ని కోడలు తన చేతికి తగిలించుకుంది. తాళ్ళు విప్పి, పక్క బోట్లకి తగలకుండా రేవులోంచి బయటికి తీసింది. నిమ్మళం గారు తలాడించి ఏదో రాసుకున్నాడు. ఆ తలాడింపు చూసి ఆమెకి రెక్కలొచ్చినట్టయింది.

"బావుంది. ఇప్పుడు వేగం పెంచండి" అంటూ ఆయన వెనక్కి తిరిగాడు. నీళ్ళలో పడ్డ మనిషిని ఎలా కాపాడాలో చూపించడానికి ఒక నారింజరంగు బంతి విసురుతారు. దాన్ని పెట్టెలోంచి తీయడానికి ఆయన లేచి నిలబడి వంగాడు. అది ఆమెకి తెలియదు. చూపంతా ముందే ఉంది. లివర్ ముందుకి తోసింది, కాస్త ఉత్సాహంగానే. బోటు ఒక్క ఎగురు ఎగిరింది.

వెనక దభేలుమని శబ్దం.

తిరిగి చూస్తే బోటులో ఎవరూ లేరు. బంతీ లేదు, నిమ్మళం గారూ లేరు.

"మనిషి నీళ్ళలో!" అని అరిచింది. పుస్తకంలో అలాగే అరవమని ఉంది. వినడానికి ఎవరూ లేరన్న సంగతి అరిచాక తట్టింది. చప్పుడు వచ్చింది ఎడమపక్క నుంచి, అంటే ఆయన అటే పడ్డాడు. ఏ పక్క పడితే ఆ పక్కకే స్టీరింగు తిప్పాలి, అప్పుడే వెనక నీళ్ళలో తిరిగే ఇంజను రెక్కలు మనిషికి దూరంగా జరుగుతాయి. తిప్పింది. వేగం తగ్గించింది. ఆయన తల కోసం చూసింది.

కనిపించలేదు.

నీళ్ళు, అలలు, అలల మీద ఎండ తళుకులు. అంతే. ఆ క్షణం ఎంతసేపుందో ఆమెకి తెలియలేదు. నీళ్ళలో మనిషి తల అంత చిన్నగా ఉంటుందని ఆ పుస్తకంలో ఎక్కడా రాయలేదు. ఒక అల దిగాక అటు పక్క నల్లగా ఏదో కదిలింది. ఆ తర్వాత చూపు దాని మీది నుంచి తిప్పలేదు. చుట్టూ తిరిగి గాలికి ఎదురుగా మెల్లగా దగ్గరికి వచ్చింది, తాడున్న రబ్బరు చక్రం విసిరింది, ఆయన పట్టుకున్నాక ఇంజను ఆపింది, నిచ్చెన దించింది.

"నిమ్మళంగా... నిమ్మళంగా అమ్మా" అంటున్నాడు ఆయన, పళ్ళు టకటకలాడుతూ. ఆమెకి చెబుతున్నాడో తనకి తాను చెప్పుకుంటున్నాడో తెలియలేదు.

పైకెక్కి కూర్చున్నాడు. చొక్కా మడతలన్నీ పోయాయి. ఆమె సంచిలోంచి తువ్వాలు తీసి ఇచ్చింది. లాండ్రీ వాళ్ళ దగ్గర తువ్వాళ్ళకేం కొదవ. ఆయన తల తుడుచుకుని, ముక్కు తుడుచుకుని, గొంతు సవరించుకున్నాడు.

"స్టీరింగు సరైన పక్కకే తిప్పారు. గాలికి ఎదురుగా వచ్చారు. నేను దగ్గరికి రాకముందే ఇంజను ఆపారు. ఇన్నేళ్ళలో ఇంత బాగా ఎవరూ చెయ్యలేదు. దీనికి పూర్తి మార్కులు."

"అయితే పాసేనాండీ?"

"ఫెయిల్ అమ్మా."

"మిమ్మల్ని బయటికి తీశాను కదండీ!"

"తీశారు. చక్కగా తీశారు. కానీ అసలు నేను పడకుండా ఉండాలి కదా" అన్నాడు, చొక్కా చేతులు పిండుకుంటూ. "చెప్పకుండా లేవడం నా తప్పే, అది నేను రాసిస్తాను. అయినా బోటు నడిపేది మీరు. వేగం పెంచే ముందు వెనక ఎవరున్నారో, కూర్చున్నారో లేదో చూడాలి. నోటితో అడగాలి. మళ్ళీ రండి."

సంగతి విన్న మొగుడు ఇంతెత్తున లేచాడు. "నీళ్ళలోంచి తీసినదాన్ని ఫెయిల్ చేస్తాడా? పద, ఆఫీసులోనే తేల్చుకుందాం! ఆ నిమ్మళం ఏమిటో నేనూ చూస్తా!" కట్టు ఉన్న చేత్తో బల్ల గుద్దబోయి, సమయానికి గుర్తొచ్చి ఎడమచేత్తో గుద్దాడు. కాసేపటికి కోపం చల్లారి వేరే ఆలోచన వచ్చింది. "అయినా అవతలి ఒడ్డు ఎంత దూరం? రేపు మూటలేసుకుని వెళ్ళిపో. ఎవడు చూడొచ్చాడు? నీకు నడపడం వచ్చుగా."

"వెళ్ళను."

"ఎందుకని?"

"లైసెన్సు లేదు కాబట్టి."

"ఒక్క కార్డు ముక్క కోసం..."

"కార్డు కోసం కాదు" అని మాత్రం అని, ఆమె ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

అత్తగారు పక్కనే నిలబడి గలీబులు మడతపెడుతోంది. ఒక దుప్పటి ఇస్త్రీ చేశాక కోడలే అంది. "ఒక క్షణం ఆయన కనిపించలేదత్తయ్యా."

"ఊఁ."

"ఆయన అంత పొడుగాటి మనిషి. జాకెట్ వేసుకున్నాడు. పట్టపగలు. అయినా కనిపించలేదు. నేను గబగబా వెళ్ళిపోయి ఉంటే..."

అత్తగారు మడతపెట్టడం ఆపి కోడలి వీపు మీద చెయ్యి వేసింది. "ఆయన అన్నది నిజమేగా మరి. మళ్ళీ వెళ్ళు. ఈసారి అడిగి కదులు. మావాడి గొడవ నేను చూసుకుంటా."

మర్నాటి నుంచి సాధన మొదలైంది. పక్కన లైసెన్సున్న మనిషి ఉండాలి కనక, డాక్టరు వద్దన్నది బోటు నడపొద్దనే కదా అంటూ మొగుడే వచ్చాడు. ఆయనకి బోటులో కూర్చునే అలవాటు లేదు. ఒక కాలు మూట మీద పెట్టి, యుద్ధానికి వెళుతున్న సేనాపతిలా నిలబడితే గానీ తోచదు.

"కూర్చున్నారా?" అంది ఆమె, ముందుకి చూస్తూ.

"నడుపు."

"కూర్చున్నారా, పట్టుకున్నారా?"

"నేను పుట్టిందే బోటులో. నడుపు."

ఆమె ఇంజను ఆపేసింది. రేవులో వలలు ఆరబెట్టుకునేవాళ్ళు తలలెత్తారు. పెట్రోలు పోసే ఆయన పని మానేసి మరీ చూశాడు.

"ఏమిటిది, నలుగురిలో?" అన్నాడు మొగుడు గొంతు తగ్గించి.

"నలుగురిలో మీరు పడితే ఇంకా బావుండదు. ఒక చెయ్యి కట్టులో ఉంది. నీళ్ళలో ఈదడానికి మిగిలింది ఒకటే."

ఆయన కాసేపు సరస్సుని చూశాడు, కాసేపు మేఘాల్ని చూశాడు. చివరికి గొణుక్కుంటూ కూర్చుని, మంచి చేత్తో కడ్డీ పట్టుకున్నాడు. అప్పుడు ఇంజను మళ్ళీ మోగింది. పెట్రోలు ఆయన చప్పట్లు కొట్టాడు. సగం దూరం వెళ్ళాక మొగుడు మెల్లగా అన్నాడు: "కూర్చుంటే నడుం నొప్పి లేదు. ఇన్నాళ్ళూ తెలియలేదు సుమా."

రెండోసారి పరీక్షకి నిమ్మళం గారు వచ్చి, ఆమె అడగకముందే కూర్చుని రెండు చేతులతో కడ్డీ పట్టుకున్నాడు. అయినా ఆమె అడిగింది. "కూర్చున్నారాండీ? పట్టుకున్నారా?"

"నిమ్మళంగా కూర్చున్నానమ్మా."

కదిలే ముందు అడిగింది, వేగం పెంచే ముందు అడిగింది, మలుపు తిప్పే ముందు అడిగింది. ఈసారి నీళ్ళలో పడింది బంతి ఒక్కటే. దాన్ని తీయడం చూస్తూ నిమ్మళం గారు చిన్నగా నవ్వాడు. "బంతి కంటే నన్నే బాగా తీశారు. అయినా చాలు. పాస్."

కార్డు వచ్చింది. ఫోటోలో ఆమె కళ్ళు ఎవరో వెనక నుంచి పిలిచినట్టు పెద్దవిగా ఉన్నాయి. అత్తగారు దాన్ని లాండ్రీకి వచ్చిన ప్రతివాళ్ళకీ చూపించింది. బట్టలు తీసుకుందామని వచ్చిన ఒక పెద్దాయన్ని ఎర్రదీపం ఏ పక్కో చెప్పమని నిలదీసి, చెప్పలేకపోతే తనే చెప్పి పంపింది.

మొదటి రోజు ఒంటరిగా మూటలు వేసుకుని అవతలి ఒడ్డుకి వెళితే, లాడ్జీ వంటావిడ గుమ్మంలోకి వచ్చి, "ఏమ్మా, ఇవాళ మీ ఆయన రాలేదే?" అంది.

"ఇక నుంచి నేనూ వస్తుంటానండీ."

"చెయ్యి బాగయ్యాక కూడానా?"

"బాగయ్యాక కూడా" అంది ఆమె. ఆ సంగతి అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అనేశాక, తనకి తనే చెప్పుకున్నట్టయింది. కట్టు విప్పాక ఆయనకి చెబితే ముందు మొహం ముడుచుకున్నాడు గానీ, ఒప్పుకోక తప్పలేదు. ఆమె బోటెక్కే రోజుల్లో ఇస్త్రీ ఆయనదే. మొదట్లో కాల్చిన గలీబులన్నీ ఇంటి దిండ్లకే వాడుకున్నారు. తర్వాత్తర్వాత చెయ్యి తిరిగింది.

ఆ మొదటి రోజు తిరిగి వచ్చేటప్పుడు బోటు ఖాళీగా ఉంది. గాలి లేదు. సరస్సు అద్దంలా ఉంది. నడిమధ్యకి వచ్చాక ముందూ వెనకా చూసి, ఏ బోటూ రావడం లేదని తెలుసుకుని, ఇంజను ఆపేసింది. ఇంత నిశ్శబ్దం ఆమె పెళ్ళయ్యాక వినలేదు. మిషన్లు లేవు, ఆవిరి లేదు, పిలిచేవాళ్ళు లేరు. నీళ్ళు బోటు కింద చిన్నగా గుటకలేస్తున్నాయి.

ఫోన్ మోగింది.

"ఒడ్డు నుంచి చూస్తున్నా. కదలడం లేదేం? ఇంజను ఆగిపోయిందా?" మొగుడి గొంతులో కంగారు.

"ఆగిపోలేదు. నేనే ఆపాను."

"ఎందుకు?"

"ఊరికే."

"అమ్మ ఏదో అడగమంటోంది" అన్నాడు ఆయన. "జాకెట్ వేసుకునే ఉన్నావా అని."

"ఉన్నానని చెప్పండి" అని ఫోన్ పక్కన పెట్టి, సీటుకి చేరగిలబడి కాళ్ళు చాపుకుంది.