తండ్రి వైపు నుంచి

రిపోర్టు చేతికొచ్చి పదకొండు రోజులైనా బాలకిషన్ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షల పుస్తకాలు అమ్మే షాపు ఆయనది. ఇరవై ఏళ్లుగా ఏ పుస్తకం ఏ అరలో ఉందో చూడకుండానే తీసిచ్చే మనిషి, ఆ పదకొండు రోజుల్లో ఒకటి అడిగిన పిల్లలకు మరొకటి ఇచ్చాడు. కూర్చుంటే లేవాలనిపించేది. లేస్తే ఎటైనా పోవాలనిపించేది. మధ్యాహ్నం షట్టరు సగం దించి చిక్కడపల్లి దాకా నడిచేవాడు. అక్కడ ఏ పనీ లేక మళ్లీ వెనక్కి తిరిగేవాడు.

ఇదంతా ఆ ఏడు, 2012లో, చెల్లెలు కుసుమతో మొదలైంది. బర్కత్‌పురలో ఉండే కుసుమకు నలభై నాలుగేళ్ల వయసులో రొమ్ము క్యాన్సరని తేలింది. వాళ్లమ్మ నలభై ఆరేళ్లకు అదే జబ్బుతో పోయింది. ఆ సంగతి విన్న డాక్టరమ్మ కుసుమ రక్తాన్ని జన్యుపరీక్షకు పంపించింది. వంశంలో దిగివచ్చే లోపం బయటపడింది. అన్నగారు కూడా చేయించుకుంటే మంచిదని చెప్పింది.

"అది ఆడోళ్ల బీమారి గద మేడం, నాకెందుకు?" అన్నాడు బాలకిషన్ నవ్వుతూ.

డాక్టరమ్మ నవ్వలేదు. "మగవాళ్లకూ వస్తుందండీ, తక్కువగా. పైగా లోపం మీలో ఉంటే మీ సంతానానికి రావడానికి సగానికి సగం అవకాశం. అమ్మాయి ఉందా?"

ఉంది. రచన. ఇరవై నాలుగేళ్లు. నారాయణగూడలో ఒక జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతోంది.

తనకు ఉండదులే అన్న ధీమాతోనే ఆయన రక్తం ఇచ్చాడు. ఉందని వచ్చింది.

అప్పటి నుంచి కూతురు ఎదురుపడితే చూపు తిప్పుకున్నాడు. ఆమె ఫోన్లో స్నేహితురాళ్లతో పకపకా నవ్వుతుంటే ఇంట్లో ఉండలేక చెప్పులేసుకునేవాడు. ఆమె చిన్నప్పుడు అందరూ "అచ్చం తండ్రి పోలికే" అంటుంటే పొంగిపోయాడు. ఇప్పుడు ఆ మాటే నిజమవుతుందేమోనని భయం. భార్య లక్ష్మి "ఏమైందండి మీకు? అన్నం ముంగట గూడ కూసుంటలేరు" అని నిలదీస్తే, షాపుల జర పరేషాన్ ఉందని తప్పించుకున్నాడు.

పన్నెండో రోజు కుసుమ ఫోన్ చేసింది. కీమో మొదలైనప్పటి నుంచి ఆమె గొంతు బాగా పీలగా అయిపోయింది.

"అన్నా, పిల్లకు చెప్పినవా?"

"చెప్త. జర ఆగు."

"నేను గట్లనే ఆగిన. గడ్డ చేతికి తగిలినంక ఎనిమిది నెలలు ఎవ్వలకు చెప్పలే. ఏమైందో చూస్తనే ఉన్నవు గద." ఫోన్ పెట్టేసింది.

బాలకిషన్ షట్టరు పూర్తిగా దించి నారాయణగూడకు నడిచాడు. కాలేజీ వదిలేసరికి గేటు దగ్గర ఉన్నాడు. రచన కంగారుగా వచ్చింది.

"డాడీ, ఏంది గిట్లొచ్చినవ్? మమ్మీ బాగనే ఉన్నదా?"

ఎక్కడైనా కూర్చుని నెమ్మదిగా చెప్పాలనుకున్నాడు. కానీ కూర్చోలేనని తెలిసి, జేబులోని కవరు అక్కడే చేతిలో పెట్టేశాడు. ఆమె ఫుట్‌పాత్ మీద నిలబడి రెండుసార్లు చదివింది. విడమరిచి చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

"ఎప్పుడొచ్చింది ఇది?"

"పన్నెండు రోజులాయె."

"పన్నెండు రోజులా? దీన్ల సగం నా సంగతే ఉన్నది గద! జేబుల పెట్టుకొని నువ్వొక్కనివే తిరుగుడేంది?"

"బిడ్డా, నా నుంచి నీకు..."

"నానమ్మ నీకిచ్చింది. నువ్వు నాకిచ్చినవో లేదో ఇంక తెల్వనే తెల్వదు. ఇచ్చినా కావాలని ఇచ్చినవా? దానికి నాకు కోపం లేదు. దాచినవు చూడు, గందుకే కోపం."

గబగబా ముందుకు నడిచింది. ఆయన వెనకే పరుగులాంటి నడకతో వెళ్లాడు. చౌరస్తాలో ట్రాఫిక్ ఆపేస్తే ఆమె ఆగింది. కళ్లు తుడుచుకుంది.

"పరీక్ష ఎప్పుడు చేపిస్తం?" మెల్లగా అడిగాడు.

"నన్ను ఆలోచించుకోనీ. నువ్వు చూపించుకున్నవా మరి? మగోళ్లకు గూడ చెకప్పులు ఉంటయి."

ఆ మాట ఆయనకు తట్టనే లేదు. తల అడ్డంగా ఊపాడు.

"ఫస్ట్ నీది చేపిద్దాం పా" అంది.

ఆ సాయంత్రం లక్ష్మికి చెప్పారు. ఏడ్చింది, ఆ తర్వాత మొగుణ్ని తిట్టింది. మరుసటి వారం రచనే ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లింది. ఆయనకు జబ్బేమీ లేదని తేలింది, ఏటా రమ్మన్నారు. తర్వాత రచన ఒక్కతే డాక్టరమ్మ గదిలో అరగంట మాట్లాడింది. ఆ అరగంటా ఆయన వరండాలో అటూ ఇటూ తిరిగాడు.

బయటికొచ్చి, "శనివారం రక్తమిస్త. రిపోర్టు నేనే తెచ్చుకుంట, నేనే తెరుస్త" అంది. సరేనన్నాడు.

నెల తిరక్కముందే ఒక మధ్యాహ్నం రచన షాపుకొచ్చింది. జనం మధ్యలోంచి లోపలికొచ్చి ఆయన చెవి దగ్గర "ఉన్నది డాడీ" అంది. ఆయన షట్టరు వైపు చెయ్యి చాపాడు. వద్దంది. స్టూలు మీద కూర్చుని మంచినీళ్లు తాగింది. "ఉన్నదంటే జబ్బు వచ్చినట్టు కాదు. కనిపెట్టుకొని ఉండాలె, గంతే" అంది గానీ, ఇంకో గ్లాసు నీళ్లు అడిగింది.

ఏడాదికోసారి ఇద్దరూ ఒకే రోజు పరీక్షలకు వెళ్తున్నారు. ఆ వారమంతా ఇంట్లో మాటామాటా పెరుగుతుంది, అన్నాలు సరిగ్గా దిగవు. ఇప్పటికి రెండుసార్లూ మంచి కబురే వచ్చింది. జబ్బు రాకుండా ముందే రొమ్ములు తీయించుకునే ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దామని రచన అంటుంది. బాలకిషన్ గుచ్చి గుచ్చి అడగడు. ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు మాత్రం ఇద్దరూ ఆటో ఎక్కరు. ఎంత ఎండగా ఉన్నా బర్కత్‌పుర దాకా నడిచి, కుసుమకు ఆ కబురు తామే చెప్పి వస్తారు.