పోతమ్మతో తగువు

నా పేరు కనకరత్నం. కంచరపాలెంలో మా వీధివాళ్ళను ఎవరినైనా అడగండి, నా నోటి సంగతి చెబుతారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్న సామెత మా ఆయన రోజుకోసారి నా మొహాన కొడతాడు. ఆయన పోర్టులో క్రేను నడుపుతాడు. అంత పెద్ద క్రేను తన మాట వింటుంది గానీ పెళ్ళాం వినదని ఆయన బాధ.

అలాంటి నా నోటికి సరిజోడు ఒక్కతే ఉండేది. చేపల పోతమ్మ.

తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది నాటి మాట ఇది. పొద్దున్నే హార్బర్లో చేపల వేలంపాట ముగియగానే గంప ఆటోలో వేసుకుని వచ్చి మా వీధి మొదట్లో దిగేది. దిగుతూనే "సేపలమ్మా సేపలో! కానాగంతలో, కవళ్ళో!" అని ఒక్క కేక పెట్టిందంటే రైలు కట్ట అవతలికి వినబడేది. దారిలో ఎవరు పిలిచినా ఆగకుండా సరాసరి నా గుమ్మం దగ్గరికే వచ్చేది. నాది బోణీ చెయ్యి. నేను మొదట కొన్న రోజున గంప ఖాళీ అవుతుందని ఆమె నమ్మకం. అదీ ఊరికే కొంటే సరిపోదు, తగువాడి కొనాలి. అడిగినంతా చేతిలో పెట్టేస్తే అది చచ్చు బోణీ అట.

"ఏటే పోతమ్మా, ఇది సేపా, సేప బొమ్మా? కళ్ళు సూడు, ఎలా లోపలికి పోనాయో!"

"ఓలమ్మో! మొప్పలెత్తి సూడు రత్నమ్మా, మందారం లాగున్నాయి. నీ కళ్ళకే మందేయించుకోవాల."

"నువ్వు సెప్పే ధరకి నాను పడవే కొనుక్కుంతాను."

"కొనుక్కో! నువ్వే ఏటకెల్లు!"

అంటూ గంప మీద గోనె కప్పేసి, "ఒక సెయ్యెయ్యి" అనేది. నిండు గంప ఒక్కతే నెత్తికెత్తుకోలేదు కదా. ఎంత తగువైనా చెయ్యి వెయ్యాల్సిందే. నేనే గంప ఎత్తి పంపేదాన్ని. ఆమె విసవిసా నడిచి వీధి కుళాయి దగ్గర ఆగి వెనక్కి తిరిగేది. అప్పుడు నేను కొంచెం పెంచాలి, ఆమె కొంచెం దించాలి. ఇదీ పద్ధతి. ఒక్కనాడూ ఆమె కుళాయి దాటలేదు, ఒక్కనాడూ నేను పిలవకుండా ఉండలేదు.

బేరం కుదిరాక నా అరుగు మీద కూర్చుని చుట్ట ముట్టించేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డచుట్ట. "మానీయే, నోరు కాలిపోద్ది" అని తిడితే, "నీ నోటికన్నా ఏడిగా ఉంతాదేటి?" అనేది.

చివరికి ఆ చుట్టే ఆమె గొంతు తీసింది. గొంతులో పుండన్నారు, ఆపరేషన్ అన్నారు. ప్రాణం దక్కింది గానీ, మాట పుట్టే పెట్టె మొత్తం తీసెయ్యాల్సి వచ్చింది. మెడ ముందు చిన్న రంధ్రం పెట్టారు, ఊపిరి అక్కణ్ణుంచే. ఈ సంగతంతా ఆమె కూతురు సాయిదుర్గ వచ్చి చెప్పింది. ఇంటర్ చదువుతున్న పిల్ల. తండ్రి వేటకెళ్ళి తుపానులో పోయాడు. ఆ ఇంటికి పోతమ్మ గంపే ఆధారం. ఆ పిల్ల వెళ్ళాక వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఏడుస్తూనే పోతమ్మనీ, ఆ చుట్టనీ కలిపి తిట్టాను.

వానలు వెలిశాక ఒక పొద్దున తలుపు తీసేసరికి గుమ్మం ముందు పోతమ్మ నిలబడి ఉంది. మెడకు పల్చటి గుడ్డ, నెత్తిన మునుపటికన్నా చిన్న గంప. కేక వెయ్యలేక ఎంతసేపటి నుంచి అలా నిలబడిందో ఏమో. నడిస్తే ఆయాసం. అయినా హార్బర్లో వేలంపాటకి వెళ్ళి, వేళ్ళతోనే పాట చూపించి చేపలు తెచ్చుకుంది. ధర కూడా వేళ్ళతోనే చూపించింది. బేరమాడడానికి నాకు నోరు రాలేదు. అడిగినంతా ఇచ్చేశాను. ఎదురింటి అనూరాధ ఇంకా ఎక్కువే ఇచ్చింది. పాలల్లో నీళ్ళు కలిపినా పాలవాణ్ణి పల్లెత్తు మాట అనని మెతక పిల్ల అది. మూలింటి నారాయణమ్మగారైతే డబ్బు చేతిలో పెట్టి, "సేపలు నాకొద్దులే, నువ్వే ఉంచుకో తల్లీ" అంది.

మేమంతా ఎంతో దయ చూపిస్తున్నామనుకున్నాం. పోతమ్మ మాత్రం రోజురోజుకీ ముడుచుకుపోయింది. కేక లేదు గనక ఆమె వచ్చినట్టు సగం వీధికి తెలిసేదే కాదు. తెలిసినవాళ్ళు జాలిపడేవాళ్ళు. ఒకనాడు నారాయణమ్మగారిచ్చిన డబ్బు పోతమ్మ ఆవిడ గుమ్మం మీదే పెట్టేసి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి రావడం మానేసింది.

కొన్నాళ్ళు చూసి, ఉండబట్టలేక జాలరిపేటలో వాళ్ళింటికి వెళ్ళాను. ఇంటి ముందు ఇసకలో ఖాళీ గంప బోర్లించి ఉంది.

"అమ్మ ఇంక గంపెత్తదంటండి," అంది సాయిదుర్గ. "నాను కాలేజీ మానీసి రొయ్యల కంపెనీకి ఎల్లిపోతాను. సోమారం నుంచి రమ్మన్నారు."

పోతమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏటే, సదువుకునే ఈ గుంట రొయ్యలొలుసుకుని బతకాలా? దానికేనేటే అంత కోతకి ఓర్సుకున్నావు? గొంతే కదే పోనాది! కాళ్ళు పోనేదు, సేతులు పోనేదు!"

ఆమె గిరుక్కున తిరిగింది. అడుక్కునేవాళ్ళు చాపినట్టు అరచెయ్యి నా ముందు చాపింది. తర్వాత ఆ చేత్తోనే నుదురు కొట్టుకుని, ఇది నావల్ల కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. నా కళ్ళలోకి కోపంగా చూసింది.

అప్పటికిగానీ నా బుర్రకెక్కలేదు. మేం ఆమె దగ్గర చేపలు కొనడం మానేసి బిచ్చం వేస్తున్నాం. బేరమే లేకపోతే ఇంక అది అమ్మకమెలా అవుతుంది?

"సోమారం సంగతి తరవాత," అన్నాను. "రేపు బోణీకి రా. రాకపోతే నీ గంప నానే ఎత్తుకుపోతాను, సూస్కో."

వచ్చింది. అనుమానంగానే వచ్చి గంప దించి, వేళ్ళతో ధర చూపించింది. నేను కొంగు నడుముకు దోపాను.

"ఏటీ? దీనికా? ఓలమ్మో, పట్టపగలు దోపిడీ! ఈ కానాగంతల్ని సూసి పిల్లి కూడా మొహం తిప్పుకుంతాది! సగానికిత్తే ఇయ్యి, నేకపోతే ఎల్లు!"

వీధి అదిరింది. అనూరాధ తలుపు తీసుకుని పరుగెత్తుకొచ్చింది.

"పిన్నీ! మాట్లాడలేని మనిషితో తగువా? మనసెలా ఒప్పింది మీకు?"

"నువ్వు నోర్ముయ్యే! ఇది మా ఇద్దరి గొడవ."

నారాయణమ్మగారు కర్ర పట్టుకుని వచ్చింది. రైల్వే క్వార్టర్ల ఆడవాళ్ళు వచ్చారు. అందరూ కలిసి నన్ను దులిపేస్తున్నారు. పోతమ్మ మాత్రం నన్నే చూస్తోంది. చూసి చూసి ఒక చేప మొప్ప ఎత్తి నా ముక్కుకి ఆనించినంత పని చేసింది. ఆ చేపని గంపలోకి విసిరి గోనె కప్పేసింది. చెయ్యి వెయ్యమని గంప చూపించింది.

వేశాను. విసవిసా నడిచింది. కుళాయి వచ్చింది. ఆగలేదు.

అటు నుంచి అటే ఇంటికి పోతే? ఆ పిల్ల సోమవారం రొయ్యల షెడ్డుకి పోవడమే కదా. అయ్యో, ఉన్న ఆశ కూడా నా పాడు నోటితో పోగొట్టానా అనుకున్నాను.

"ఒలే పోతమ్మా!" నా అరుపు ఏడుపులా వచ్చింది. "ఇంకొంచెం ఏత్తానే! రాయే!"

ఆగింది. వెనక్కి తిరిగి, వేళ్ళతో కొంచెం తగ్గించిన ధర చూపించింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. దగ్గరికొచ్చాక చూస్తే నవ్వుతోంది, చప్పుడు లేకుండా. నన్ను కంగారు పెట్టడానికే కుళాయి దాటింది, దొంగముండ!

నన్ను తిట్టడానికొచ్చినవాళ్ళంతా ఎలాగూ వచ్చాం కదా అని గంప చుట్టూ మూగారు. గోల విని పక్క వీధివాళ్ళూ వచ్చారు. ధర కుదిరేదాకా నేను ఒక్కర్నీ వదల్లేదు, అందరిచేతా బేరమాడించాను. గంప అక్కడే ఖాళీ అయిపోయింది.

ఆ రోజు నుంచి నా అరుపు వినబడితే పోతమ్మ వచ్చినట్టే లెక్క వీధికి. ఆమె వైపు మాటలు కూడా నేనే అనేదాన్ని. "ఏటీ, నా కళ్ళకి మందేయించుకోవాలా?" అని అరిస్తే ఆమె గట్టిగా తలూపేది. సాయిదుర్గ కాలేజీ మానలేదు.

మరుసటేడు తగరపువలసలో మా చెల్లెలి కూతురికి పురుడొచ్చింది. వెళ్ళక తప్పలేదు. వెళ్ళానన్నమాటే గానీ పొద్దున్న ఆ వేళయ్యేసరికి నాకు ముద్ద దిగేది కాదు. అక్కడ బోణీ ఎవరు చేస్తున్నారు? నారాయణమ్మగారు మళ్ళీ ఊరికే డబ్బు చేతిలో పెట్టేస్తోందా? పోతమ్మ మళ్ళీ గంప బోర్లించేసిందా? బారసాల దాకా ఉండమని చెల్లెలు ఎంత బతిమాలినా వినకుండా తెల్లారే బస్సెక్కేశాను.

సంచీ పట్టుకుని మా వీధిలోకి తిరిగేసరికి ఎవరిదో అరుపు.

"ఏటే పోతమ్మా, ఇది సేపా, సేప బొమ్మా? నువ్వు సెప్పే ధరకి నాను పడవే కొనుక్కుంతాను!"

అనూరాధ! పాలవాణ్ణి పల్లెత్తు మాట అనని అనూరాధ కొంగు నడుముకు దోపి, నా మాటలే అప్పజెబుతూ గొంతు చించుకుంటోంది. అరుగు మీద కూర్చున్న నారాయణమ్మగారు, "అంత ఇయ్యకే! నిన్న నన్నూ అలాగే ముంచింది!" అని ఎగదోస్తోంది. తలుపులు తెరుచుకుంటున్నాయి. ఒక్కొక్కరే గిన్నెలు పట్టుకుని బయటికొస్తున్నారు.

పోతమ్మ గోనె కప్పేసింది. అనూరాధ చెయ్యి వేసి గంప ఎత్తింది. పోతమ్మ విసవిసా కుళాయి దాకా వచ్చి, అటుపక్క నిలబడ్డ నన్ను చూసింది. నాకు కళ్ళనీళ్ళు ఆగడం లేదు. సంతోషానికి ఏడవడం ఏమిటో, సిగ్గులేకుండా ఏడ్చాను. ఆమె నా దగ్గరికి వచ్చి, ఒక చేత్తో గంప పట్టుకుని రెండో చేత్తో తన కొంగు తీసి నా మొహం తుడిచింది. కొంగంతా చేపల వాసన.

"రావే పోతమ్మా! ఇంకొంచెం ఏత్తానే!" వెనక నుంచి అనూరాధ కంగారుగా పిలుస్తోంది.

పోతమ్మ తిరగబోయింది. నేను భుజం పట్టుకుని ఆపాను.

"ఉండే, అప్పుడే తిరక్కు. ఇంకొంచెం ముందుకెల్లు," అన్నాను మెల్లగా. "దాని గొంతు ఇంకా లెగాల."