రఫిలీనా పిలిచిన అంకె

ఫ్యాక్టరీలో ఇమ్మాకొలాతా చెయ్యి టమాటాలు ఉడికే తొట్టిలో పడింది. మోచేతి దాకా తోలు ఊడొచ్చింది. మేస్త్రీ జెన్నారో ఆమెను గేటు బయట కూర్చోబెట్టి, ఇంట్లో వంట చేస్తూ కాల్చుకుందని కాగితం రాయించాడు. మేమంతా చూశాం. చూసి, మళ్ళీ తొక్కలు తీస్తూ కూర్చున్నాం. ఆ సిగ్గు నన్నింకా వదల్లేదు.

నోరు విప్పింది మా పక్కనే తొక్కలు తీసే రఫిలీనా ఒక్కతే. మగబిడ్డగా పుట్టి ఆడదానిగా బతికేవాళ్ళను మా నేపుల్స్‌లో ఫెమ్మినెల్లో అంటారు. పుట్టిన బిడ్డను వాళ్ళ చేతుల్లో పెడితే అదృష్టమని మా నమ్మకం. నా కొడుకునీ ఆమె చేతుల్లోనే పెట్టాను.

"అది దొంగ కాగితం, జెన్నారో. చెయ్యి కాలింది ఇక్కడే."

"చెప్పడానికి నువ్వెవడివిరా?"

"మీ అమ్మ నిన్ను పుట్టగానే ఎవరి చేతుల్లో పెట్టిందో అడుగు, పో. చెబుతుంది."

ఆడవాళ్ళందరం పగలబడి నవ్వాం. జెన్నారో మొహం మాడిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం రఫిలీనా గదిలో తంబోలా ఆట. మగాళ్ళు గుమ్మం దాటకూడదు. అది మా అమ్మమ్మల నాటి కట్టుబాటు, మేస్త్రీల గూఢచారులు కూడా దాటరు. రఫిలీనా బుట్టలోంచి అంకె తీసి పిలుస్తుంది. ప్రతి అంకెకూ ఒక బొమ్మ. తొంభై అంటే భయం. నలభై ఏడు శవం. నలభై ఎనిమిది మాట్లాడే శవం. అంకెల మీద చిక్కుడుగింజలు పేరుస్తూనే సమ్మె ఖాయం చేసుకున్నాం. కోరిక ఒక్కటే: ఆ కాగితం చించి నిజం రాయాలి.

ఉత్తరాది టూరిన్ నుంచి వచ్చిన యూనియన్ నాయకుడు గుమ్మం బయటే నిలబడి వాదించాడు.

"సమ్మె చేయండి. కానీ ముందు వరసలో ఆ మనిషి వద్దు. మీ దక్షిణాదిని ఇప్పటికే సర్కస్ అంటున్నారు."

"మా తమ్ముడు మీ ఊళ్ళో కార్లు బిగిస్తాడు, కామ్రేడ్," అన్నాను. "దక్షిణాది వాళ్ళకి గది ఇవ్వం అని వాడి మొహం మీదే తలుపేశారు. ఇప్పుడు ఈవిడ మొహం మీద మమ్మల్ని తలుపెయ్యమంటావా?"

అంత మాటన్న నేనే కాసేపటికి మెత్తబడ్డాను. "ఒక్కరోజు ప్యాంటు తొడుక్కోరాదూ, రఫిలీ? పని జరిగిపోతుంది," అన్నాను.

ఆమె నావంక చూసింది. "నేను చచ్చాక తొడగండే."

సోమవారం సమ్మెకని గేటు దగ్గర చేరగానే పోలీసులు వందల మందిలోంచి ఆమె ఒక్కదాన్నే లాక్కెళ్ళి ఠాణాలో మగాళ్ళ గదిలో పడేశారు. గురువారం శవాన్ని అప్పగించారు. మెట్ల మీంచి జారిపడిందని కాగితం. జుట్టు కత్తిరించేశారు. ఒంటి మీద ప్యాంటు.

ఆమె గదికి తెచ్చి నేను తలుపేశాను. ఆడవాళ్ళమే కడిగాం. ఆ ప్యాంటు విప్పి ఎర్ర పావడా కట్టాం. టూరిన్ మనిషి టోపీ తీసి గుమ్మం బయటే నిలబడ్డాడు. శవపేటిక బయటికి రాగానే, ఎవరూ అడక్కుండానే భుజం పట్టాడు.

శ్మశానానికి కాదు, ఫ్యాక్టరీ గేటుకే మోసుకెళ్ళాం. పోలీసుల వెనక నిలబడ్డ జెన్నారో తలెత్తలేదు. ఇమ్మాకొలాతా కట్టు కట్టిన చేత్తో రఫిలీనా బుట్ట పట్టుకుని, రెండో చేత్తో ఓ అంకె తీసింది. దాని వంక చూడనైనా చూడలేదు.

"నలభై ఎనిమిది!"

"మాట్లాడే శవం!" అని మూడు వందల గొంతులు లేచాయి.

ఆ రోజు ఫ్యాక్టరీ తిరగలేదు. లారీల్లో టమాటాలు కుళ్ళడం మొదలైంది. మేం గేటు ముందు నుంచి కదల్లేదు. ఇప్పుడు చించాల్సిన కాగితాలు రెండు.