కుడికి తిరిగిన మేఘం

పొద్దున డ్యూటీకి రాగానే వెర్నా చేసే మొదటి పని, వాతావరణ కార్యాలయం వెనక గడ్డిలో ఓ చుట్టు తిరిగి రావడం. కాన్సస్‌లో ఆ వైపున, సాయంత్రం గాలి ఎత్తుకుపోబోయే వస్తువుల్లో ఒకటో రెండో ముందుగానే, ఆ పొద్దున్నే వచ్చి పడుతుంటాయి. ఓ పోస్టు డబ్బా, ఓ పిల్ల బూటు. సొంతదారు అడవి ప్లమ్ జామ్ సీసా పట్టుకుని స్వయంగా వచ్చి తీసుకెళ్లాలి. ఇంకొకరి చేతికివ్వరు.

ఆ రోజు పడింది ఆకుపచ్చ ఇనప కుర్చీ. చేతి కింది అతుకు చూడగానే తెలిసిపోయింది, ఆర్లిస్ అన్నయ్యది. సైరన్ మోగి హాల్‌గ్రోవ్ ఊరంతా నేలమాళిగల్లోకి దిగుతుంటే, ఈయన వరండాలోకి ఆ కుర్చీ లాక్కుని మేఘాన్ని చూస్తూ కూర్చుంటాడు.

కుర్చీ ఎగిరితే అందులో మనిషి మాటేమిటి? వెర్నా వెంటనే ఫోను చేసింది.

"నీ కుర్చీ ఇక్కడుంది. వచ్చి తీసుకుపో."

"పొద్దున్నుంచీ వెతుకుతున్నానే! నువ్వే తెచ్చిపెట్టు."

"పద్ధతి తెలీదా? జామ్ తీసుకుని నువ్వే రా."

"మళ్లీ టోర్నడోనా? పోయినేడు నీ మాట విని, రాని టోర్నడోకి నేలమాళిగల్లో ఉడికిపోయినవాళ్లు ఇంకా నన్నే దెప్పుతున్నారు తెలుసా?"

"అయితే ఈసారి నుంచుని చూడు మేఘాన్ని."

"నా మోకాళ్ల సంగతి ఎరిగే అంటున్నావు. సరే, వస్తాలే."

మధ్యాహ్నం దాటాక నైరుతిలో మేఘం పొంగింది. అది తిన్నగా ఈశాన్యానికి పోతుందనీ, హాల్‌గ్రోవ్‌ని తాకదనీ కంప్యూటర్లన్నీ ఒకే మాట మీదున్నాయి. ఆర్లిస్ బండి ఇంకా రాలేదు.

"కుర్చీని చూసి హెచ్చరిక గీత గీయకు వెర్నా," అన్నాడు పైఅధికారి గస్. "హెచ్చరికలో కుర్చీ అని రాయలేం."

"గాలిని చూసే గీస్తున్నా. నేల దగ్గర ఆగ్నేయం నుంచి వీస్తోంది, పైన పడమటి నుంచి. ఇంత మెలికుంటే, బలిసిన మేఘం కుడికి తిరుగుతుంది."

"తిరక్కపోతే? మళ్లీ నీ మాటకి ఒక్కడూ లోపలికి దిగడు."

"తిరుగుతుంది."

మేఘం పోతుందని కంప్యూటర్లు చెప్పిన దారికి దక్షిణంగా, హాల్‌గ్రోవ్‌ని నడిమధ్యలో పెట్టి గీత గీసి పంపేసింది. అక్కడ సైరన్ మోగింది.

ఆర్లిస్ సీసాతో లోపలికొచ్చేసరికి ఎవరి బల్ల దగ్గర వాళ్లు పనిలో మునిగి ఉన్నారు. రాడార్ తెర మీద మేఘం కాసేపు నెమ్మదించి, లావెక్కి, కుడికి తిరిగింది. దాని తోక, సుడి దిగే చోటు, కొక్కెంలా వంగి ఊరి పడమటి కొసన ఆగింది.

"అది మా వీధి కాదూ?"

"నీ ఇల్లే." వెర్నా తల తిప్పలేదు. ఆమె వేళ్లు అప్పటికే తర్వాతి ఊరికి హెచ్చరిక కొడుతున్నాయి. వెన్ను నిటారుగా ఉంది. గస్ తనకు తెలియకుండానే లేచి నిలబడ్డాడు.

ఫోను మోగింది. ఎవరి చేతులూ ఖాళీ లేవు. ఆర్లిస్ సీసా బల్ల మీద పెట్టి ఎత్తాడు. హాల్‌గ్రోవ్‌లో పక్కింటాయన.

"నేనే, ఆర్లిస్‌ని. బతికే ఉన్నానయ్యా, ఇక్కడున్నా. మీరంతా కిందేనా? అందరూనా?... మా ఇల్లా? పోతే పోయిందిలే." వెర్నా వైపు చూశాడు. "గాలి తగ్గింది కదాని తలుపు తీయకు. మా చెల్లెలు చెప్పాలి. ఆవిడ చెప్పేదాకా ఒక్కడూ పైకి రావద్దను. నేనన్నానని చెప్పు."