మేనమామ ముద్ద

తూకం మీద కూర్చోబెడితే పిల్ల ఏడవలేదు. అంగన్‌వాడీ టీచర్ ఉషారాణికి భయం వేసింది.

"అయిదు కిలోల ఎనిమిది వందలు. ఆరో నెలలోనూ ఇంతే కదా వీరవేణీ. తొమ్మిది నిండాయి. ఏం పెడుతున్నావు?"

వీరవేణి పొద్దున్నే సామర్లకోట మార్కెట్లో చేపలమ్మి, చంకలో పిల్లతో, ఖాళీ గంపతో నేరుగా ఇక్కడికే వచ్చింది.

"పాలేనండి. అయ్యీ సరిగా రావట్లేదు. మా అన్నయ్య గుజరాత్‌లో బోటు మీదున్నాడండి. మేనమామ ముద్ద పెట్టందే అన్నం ముట్టించకూడదంటది మా అత్త. వేట ఆపేత్తారు కదండీ, జూన్లో వత్తాడు."

మేనమామ చేతి ముద్ద ముచ్చటైన ఆచారమే. ఆ మేనమామ పొట్ట చేతబట్టుకుని అంత దూరం పోయాడు. మేనకోడలికీ ఒక పొట్ట ఉందని మాత్రం ఇంట్లో ఎవరికీ తోచలేదు.

"మొన్నటిదాకా నా కంచంలోకి చెయ్యి చాపేదండి. చూత్తే అడుగుద్దని గోడకేసి తిరిగి తినేదాన్ని. ఇప్పుడు చాపట్లేదు. బుద్ధొచ్చిందనుకున్నానండి." వీరవేణి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఉషారాణి పిల్లను తూకం మీంచి తీసి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. "రేపు ఆసుపత్రికి నేనూ వస్తాను. ఇవాళే పప్పన్నం మెత్తగా మెదిపి పెట్టు. నోరు తెరిస్తేనే పెట్టు. మూస్తే ఆగి, మళ్ళీ అడుగు."

ఇంట్లో వీరవేణి అన్నం మెదుపుతుంటే అత్త అప్పాయమ్మ గుమ్మంలో నిలబడింది.

"మామ లేకుండా ముద్దేంటే? రేపు మీ అన్న అడిగితే ఏం చెబుతావ్?"

"ఆడొచ్చేదాకా పిల్లుండాలి కదత్తా."

అప్పాయమ్మ వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి ఉగ్గుగిన్నె తెచ్చి పక్కన కూలబడింది. "ఇలా తే. జారుగా కలిపి, కాళ్ళ మీదేసుకుని, ముక్కు పట్టుకుని పోత్తాను. మీ ఆయన్నీ అలాగే పెంచాను."

"వద్దు." వీరవేణి గిన్నె పక్కకు నెట్టింది. ఆ ఇంట్లో ఆమె వద్దనడం అదే మొదలు. "ఇన్నాళ్ళూ అది అడిగితే మనం పెట్టలేదు. ఇప్పుడు మనం అడగాలత్తా."

వేలి చివర పప్పన్నం తీసి పెదవుల దగ్గర పెట్టింది. పిల్ల నోరు తెరవలేదు. తల్లి కంచం ముందు కూర్చుంటే ఏం చెయ్యాలో దానికి అలవాటైపోయింది. మెల్లగా గోడవైపు తిరిగింది.

వీరవేణి కంచం తీసుకుని లేచి వెళ్ళి, ఆ గోడకే వీపు ఆనించి పిల్లకు ఎదురుగా కూర్చుంది. వేలి మీద మెతుకులు ఆరిపోయాయి. తుడుచుకుని, మళ్ళీ తీసుకుంది.