రాజం పేరు మీద బియ్యం

మా బాపుకు రెండు పేర్లు. పుట్టినప్పుడు పెట్టింది కొమురెల్లి, బొగ్గుబాయి మీద రాజం. గోదావరిఖనిలో ఇదేం వింత కాదు. ఒకరికి వచ్చిన ఉద్యోగంలో ఇంకొకరు చేరి, ఆ పేరుతోనే రిటైరైనవాళ్లు మా గల్లీలోనే ఉన్నారు. వింతంతా యూనివర్సిటీవాళ్లకే. ఎం.ఏ. సోషియాలజీ డిసర్టేషన్ కోసం కార్మికుల ఆహారపు అలవాట్ల మీద నేను సినాప్సిస్ రాసుకుని పోతే, మాటల్లో మాటగా ఈ సంగతి విన్న మా గైడ్ అనసూర్య మేడం దాన్ని పక్కన పడేసి, మారుపేర్ల మీదే రాయమంది.

మొదటి రెండు అధ్యాయాలు చకచకా అయిపోయాయి. మారుపేరుతో పనిచేసినవాళ్లు అడిగితే చాలు, గంటలకొద్దీ చెప్పారు. మూడో అధ్యాయం దగ్గర మేడం ఎర్ర పెన్నుతో ఒక ముక్క రాసి పంపింది: ‘పేరు తీసుకున్నవాళ్లు సరే. పేరు ఇచ్చినవాళ్లేరి?’ ఒళ్లు మండింది. ఆమె అడిగింది న్యాయమే కావడం వల్ల ఇంకా మండింది. నాకు తెలిసి అలాంటి మనిషి ఒక్కతే ఉంది. అసలు రాజం తల్లి, సమ్మవ్వ.

బాపుది, రాజంది కమాన్‌పూర్ పక్కన ఒకటే ఊరు. ఇద్దరిదీ ఒకటే ఈడు. ఉద్యోగం ఆర్డరు రాజంకు వచ్చింది. చేరకముందే పొలం కాడ మోటరు పెట్టబోయి పాము కుట్టి చనిపోయాడు. ఆ సాయంత్రమే పెద్దమనుషులు కూర్చున్నారు. నౌకరీ పాడైపోవద్దు, రాజం పేరుతో కొమురెల్లి చేరాలి, సమ్మవ్వను కొడుకులా చూసుకోవాలి అన్నారు. పేరు బతికి ఉండాలి కాబట్టి చావు బయటపడకూడదు. డప్పు కొట్టలేదు, దినాలు చేయలేదు. పెత్తరమాసనాడు అందరూ చనిపోయినవాళ్ల పేర్లు అయ్యగారికి చెప్పి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తారు కదా, రాజం పేరు మీద అదీ ఇవ్వలేదు.

బాపు మాట తప్పలేదు. నెలనెలా సామాన్లు పంపేవాడు, సమ్మవ్వకు పాణం బాగాలేకపోతే దవాఖానకు మనిషినిచ్చి తోలేవాడు. తను మాత్రం ఆ గడప తొక్కేవాడు కాదు.

ఆ ఊరికి పోతే సమ్మవ్వ నన్ను బాగానే చూసింది. ఓపెన్‌కాస్టు గని ఆ ఊరి పొలాల అంచుదాకా వచ్చింది. మధ్యాహ్నం బ్లాస్టింగు జరిగితే ఆమె వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి. ఆమె ఉలిక్కిపడలేదు కూడా. కొడుకు పుట్టిన దగ్గర్నుంచి అన్నీ చెప్పింది, ఫోన్లో రికార్డు చేసుకోనిచ్చింది. తీరా ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర అడిగితే చెయ్యి వెనక్కి తీసుకుంది. అది లేకపోతే ఆమె చెప్పిన ఒక్క మాట కూడా నేను వాడుకోవడానికి లేదు.

“మీ బాపును తోలుకరా బిడ్డా,” అంది. “ఈ పెత్తరమాసకన్న నా కొడుక్కు బియ్యమియ్యనియ్యి. నేను తినేటప్పుడల్ల వాడు గడపల నిలవడతడు. పేరు పెట్టి పిలవంది లోపలికెట్ల వస్తడు?”

నేను నోట్సులో ‘విశ్వాసం’ అని రాసుకుని కింద గీత గీశాను. ఆ పూట ఇంటికొచ్చి అన్నం తింటూ మా గడప వైపు ఎన్నిసార్లు చూశానో నాకే సిగ్గేసింది.

బాపుకు చెప్పాను. కుదరదన్నాడు. ఎందుకు కుదరదో చెప్పమని పట్టుబట్టాను. ఆయన టీవీ ఆపి, అమ్మ వంటింట్లోనే ఉందని చూసుకుని, గొంతు తగ్గించాడు.

“చేరిన తెల్లారి మస్టర్ల హాజరు పిలుస్తున్నరు. రాజం అన్నరు. నేను నోరు తెరవకముందే ఎన్కకెల్లి ‘ఉన్న’ అని ఇనవడ్డది. మర్లి చూస్తె ఎవ్వలు లేరు. నౌకరీ అంత గట్లనే నడిచింది. నాకంటె ముందుగాల వాడే పలికేటోడు. వేలిముద్ర మిషన్లు వచ్చినంకనే ఆగింది.”

ఇంకెవరి ఇంట్లోనైనా మిషన్ల మాటకు నవ్వేదాన్ని. బాపు మెడ మీద చెమట పట్టింది.

“ఇప్పుడు రాజం పేరు మీద బియ్యమిస్తె అవి ఎవలకు ముడుతయ్? కాయితాల మీద రాజం నేనేనాయె. బతికున్నోనికి ఇచ్చినట్టు గాదా?”

అది భయమని అర్థమైంది. అయినా నాకు అధ్యాయం కావాలి, సబ్మిషన్ నెత్తి మీద ఉంది. “మరి ఆమె కొడుకు ఇంక ఎన్నేండ్లు ఉపాసముండాలె బాపూ?” అన్నాను. ఆయన ఆ రోజు అన్నం ముట్టలేదు. పెత్తరమాసనాడు పొద్దున్నే తలస్నానం చేసి, నన్నేమీ అడగకుండానే బండి బయటికి తీశాడు.

సమ్మవ్వ చేటలో బియ్యం పోసి, పప్పు, బీరకాయలు, గుమ్మడికాయ ముక్క సర్ది ఉంచింది. బాపును చూసి కూర్చొమ్మనలేదు, పొమ్మనలేదు. ఊరూరా తిరగాల్సిన అయ్యగారు స్కూటరు స్టాండు వేసి వచ్చి, సమ్మవ్వ చేతిలో నువ్వులు పెట్టి, ఎవరి పేరు మీదో చెప్పమన్నాడు.

బాపు గుంజను పట్టుకుని నిలబడ్డాడు. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అయినా ఆ క్షణంలో ఆమె రాజం అని అనకుండా ఉంటే చాలనిపించింది. అధ్యాయం మూసీలో కలవనీ, డిగ్రీ రాకపోనీ, లేచి ఆమె నోరు మూయాలనిపించింది.

సమ్మవ్వ బాపు వైపు చూసింది. తర్వాత అయ్యగారి వైపు తిరిగి, “కొమురెల్లి,” అంది.

అయ్యగారికేం తెలుసు. కొమురెల్లి అని మంత్రంలో కలిపి చదివాడు. సమ్మవ్వ వేళ్ల మధ్య నుంచి నువ్వులు, నీళ్లు పళ్లెంలోకి జారాయి. ఆ పేరుతో బాపును పిలిచేవాళ్లు మా నాయనమ్మ పోయాక ఎవరూ లేరు. ఇన్నేళ్లకు మళ్లీ ఆ పేరు వింటూ, ఆయన గుంజను వదల్లేదు.

“నీ పేరు ఊకెనే పడి ఉన్నది గద కొడుకా,” అంది సమ్మవ్వ. గొంతులో కోపం లేదు. “రాజం నువ్వే ఉంచుకో. నావోడు దీని మీదనే తిని పోతడు.”

అయ్యగారు వెళ్లాక నేను అడక్కముందే కాగితం తెమ్మని వేలిముద్ర వేసింది. మూడో అధ్యాయం నా చేతికొచ్చింది. ఆ కాగితాన్ని బ్యాగులో పెట్టుకోవడానికి కూడా నాకు మనసు రాలేదు.

వచ్చేటప్పుడు మెయిన్ రోడ్డు ఎక్కేముందు బాపు బండి ఆపాడు. బొగ్గు లారీలు పోతున్నాయి. అవి పోవాలని ఆగాడనుకున్నాను. అవి పోయాక కూడా కదల్లేదు.

“వాడైతే తిని పోయిండు,” అన్నాడు వెనక్కి తిరక్కుండానే. “ఇగ నేను పోయినంక నాకు ఏ పేరు మీద ఇస్తవ్ బిడ్డా?”

నాకు ఏడుపొచ్చింది. బాపూ అని పిలిచాను. ఆ ఒక్క పిలుపు తప్ప ఆయన్ను పిలవడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.