పదకొండు ముస్లి మొక్కలు

కాగజ్‌నగర్‌లో వనమూలికల దుకాణం తెరిచిన రోజు నా చేతిలో ఉన్నవి మూడు: ఒక పాత తరాజు, మిల్లులో పనిచేసే మా బాపు మాట్లాడి ఇప్పించిన ఇరుకు గది, తారాబాయి. మొదటి రెండూ ఎవరికైనా దొరుకుతాయి. తారాబాయి అందరికీ దొరకదు. ఏ గడ్డ ఏ గుట్ట మీద ఊరుతుందో, ఏ కార్తెలో తవ్వాలో ఆమెకు తెలుసు.

ఆమె తెచ్చేవాటిలో ఖరీదైనది ముస్లి. గడ్డిలాంటి ఆకులు, తెల్లటి పూలు, మట్టి కింద చేతివేళ్లలా గుత్తిగా దుంపలు. పొట్టు తీసి ఎండబెడితే సుద్దముక్కల్లా తయారవుతాయి. బలానికని పాలల్లో కలుపుకొని తాగుతారు. దాన్ని తవ్వడానికి తారాబాయిలా అడవిలో ఏరుకునేవాళ్లకు ఒక పద్ధతి ఉండేది. లావు దుంపలు విరుచుకొని, రెండు సన్నవి తలకే, అంటే ఆకు మొలిచే మొదలుకే, ఉంచి, ఆ తలను మళ్లీ అదే గుంటలో పెట్టి మడమతో తొక్కేవాళ్లు. మరుసటి వానలకు మొక్క లేచేది.

ఆ పద్ధతిని చెడగొట్టింది నేనే. ఇరవై ఏళ్ల కిందట మహారాష్ట్రలో రైతులు ముస్లి సాగుకు ఎగబడ్డారు. నాటడానికి వాళ్లకు తల కావాలి. "తలతో తెస్తే రెట్టింపు ఇస్తా" అని నా దుకాణం మెట్టెక్కిన ప్రతివాడికీ చెప్పాను. నాలుగు వానాకాలాలు బేరం బాగా నడిచింది. ఐదో ఏడు సాగు చేసినవాళ్లు మునిగిపోయారు, గుట్టల మీద ముస్లి అయిపోయింది. నేను కరక్కాయకు, నల్లజీడికి మారాను. ఒక సరుకు పోతే వ్యాపారి ఇంకో సరుకు చూసుకుంటాడు.

కిందటేడు ఎండాకాలంలో డాక్టర్ అమూల్య ఫోన్ చేసింది. కరీంనగర్ వైపు ఒక యూనివర్సిటీలో, వృక్షశాస్త్ర విభాగంలో కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పే అమ్మాయి. ఎండబెట్టి కాగితాలకు అతికించిన మొక్కలు దాచే బీరువాలు కూడా ఆమె బాధ్యతే.

"అంకుల్, మా బీరువాల్లో మన జిల్లాల మొక్కలు వేలల్లో ఉన్నయి. అడవి ముస్లి ఒక్కటి లేదు. ఉన్నవి ఎక్కడన్న దొరికితే మా విభాగం వెనక మడి చేసి పెంచుదాం. ఒక తల మూడేళ్లకు నాలుగు తలలైతది. వాటిని ఏరుకునేటోళ్లకే వాపసిచ్చి గుట్టల మీద పెట్టిద్దాం. వాళ్లకు ట్రైనింగ్ కూడ ఇస్తం."

ఆ రాత్రి లెక్క వేసుకున్నాను. ఐదు దొరికితే ఇరవై అవుతాయి, ఇరవై ఎనభై అవుతాయి. నేను ఖాళీ చేసిన గుట్టలను నేనే నింపే దారి ఇన్నేళ్లలో అదొక్కటే కనబడింది.

తారాబాయి దగ్గరికి పోయాను.

"ఉన్నయి తియ్," అంది. "పదకొండు. యాడున్నయో నా బిడ్డకు గూడ చెప్పలే."

"నాకు చెప్పు."

"నీకా? పిల్లికి పాలకుండ అప్పజెప్పినట్టే ఉంటది."

"చదువుకున్న పిల్ల తారాబాయి, పెంచి వాపసిస్తది. నీ మనుమలు తవ్వుకుంటరు."

"రెట్టింపు ఇస్తనన్ననాడు గూడ గిట్లనే తియ్యగ మాట్లాడినవ్ సేటు," అంది. అన్నా, చూపిస్తానని ఒప్పుకుంది.

ఆగస్టులో ట్రైనింగ్. ఇరవై మందిని నేనే పోగుచేశాను. రెండు రోజులు హాల్లో పాఠాలు, టోపీ, టిఫిను. తలను గుంటలో తిరిగి పెట్టడం ఎట్లాగో అమూల్య బొమ్మ గీసి చూపిస్తుంటే తారాబాయి నా పక్కకు వంగింది.

"గిది నేర్వనీకి రెండు దినాలా? మా అవ్వ ఒక్క చీపురుదెబ్బతోటి నేర్పింది. జర నీ మొఖం ఇటు తిప్పు సేటు, సిగ్గు పడుతున్నవా లేదా చూస్త."

మూడో రోజు ఇరవై మందినీ గుట్ట ఎక్కించాను. చూడకపోతే ఎట్లా గుర్తుపడతారు అన్నాను. సరుకు ఎక్కడిదో బయటపెట్టొద్దన్నది వ్యాపారంలో మొదటి పాఠం. ఆ రోజు దాన్ని మరిచాను. కాగితానికి అతికించడానికి ఆకు, పూవు, దుంప అన్నీ ఉన్న నిండు మొక్క కావాలని ఒకటి తీశారు. మడి కోసం ఐదు. గుట్ట మీద ఐదు ఉంచారు. చివరన ఇరవై మందికీ సర్టిఫికెట్లు ఇచ్చారు.

ఈ ఏడు వానలు పడ్డాక రాయమల్లు దుకాణానికి వచ్చాడు. ఆ ఇరవైలో ఒకడు. సంచి విప్పి బల్ల మీద పరిచాడు. పొట్టు తీసిన తెల్లటి దుంపలు, ఐదు తలలతో సహా.

"ట్రైనింగ్ల చూపిచ్చిన మొక్కనే సేటు. రేకుల మీద నాలుగు దినాలు ఎండబెట్టిన. తలలు గూడ తెచ్చిన."

"తల వాపసు పెట్టాలని చెప్పలేదారా?"

"చెప్పిండ్రు. గది ఉత్త దుంపలు అమ్మేటోళ్లకు గదా? నువ్వు తలకు రెట్టింపు ఇస్తవని మా బాపు చెప్పిండు."

ఒక తలను గోటితో నొక్కి చూశాను. పొడిపొడిగా రాలింది, ఇక మొలిచేది కాదు.

మరునాడు కరీంనగర్ బస్సెక్కాను. మడిలో ఐదున్నాయి కదా అని. విభాగం వెనక ఎర్ర టైల్స్ పరిచి ఉన్నాయి, వాటి మీద క్రోటన్ కుండీలు.

అమూల్య నా ముఖం చూడలేదు. "చలికాలంల ముస్లి ఆకు పూర్తిగ ఎండిపోతది కదా అంకుల్. పైకి ఉత్త మన్నే కనబడుతది. ఫిబ్రవరిల తనిఖీకి వస్తున్నరని మా ఆఫీసోళ్లు ఖాళీ జాగా అనుకొని తవ్వి టైల్స్ వేసిండ్రు. నేను పరీక్షల డ్యూటీల ఉన్న."

"బోర్డన్న పెట్టలేదామ్మా?"

"పెట్టిన. పీకి, తుడిచి, నా టేబుల్ మీద పెట్టిండ్రు."

"నాకు ఒక్క ఫోన్ చేయకపోతివి."

"ఏమని చెయ్యాలె?"

బీరువా తెరిచింది. పురుగు పట్టకుండా వేసిన గోళీల ఘాటు వాసన. మందపాటి కాగితం మీద మొక్క పడుకొని ఉంది, పూలు గోధుమరంగుకు తిరిగాయి. కింద చీటీ మీద గుట్ట పేరు, తేదీ, సేకరించినది తారాబాయి అని రాసి ఉంది.

వాపసు వచ్చి తారాబాయికి అంతా చెప్పాను.

"గా కాగితం మీది దానికి గింజలున్నయా?"

"లెవ్వు. పూత మీదున్నప్పుడే తీసిండ్రు."

"నా పేరు రాసిండ్రంటివి."

"రాసిండ్రు. నువ్వే తెచ్చినవని."

"చెరిపెయ్యమను," అంది. "నీ పేరు రాసుకో."

రాయమల్లుకు రెట్టింపే ఇచ్చాను. ఆ మాట నాదే. పదకొండింటిలో ఐదు టైల్స్ కింద పోయాయి. ఐదు నా దుకాణంలో గాజుసీసాలో ఉన్నాయి, ఇంకా అమ్మలేదు. ఒకటి బీరువాలో ఉంది. గుట్ట మీద రాయమల్లు తవ్విన ఐదు గుంటలున్నాయి. వాటిని ఎవరూ పూడ్చలేదు.